ఎడమ బుగ్గ మీది చుక్క

మందు తప్పు పాపకు పడిందని గంటన్నర ముందే నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నాతో పనిచేసినవాళ్ళకు చెప్పలేదు. పదమూడో ఏట నుంచి ఒక్కరోజు మానకుండా రాస్తున్న డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీ తీసి చూస్తే ‘చికెన్ భోజనాలు ముందే అయిపోయాయి, కాళ్ళు వాచాయి, దిగేసరికి వాన’ అని ఉంది. మూడూ నిజమే.

కౌలాలంపూర్‌లో మా సంఘం ఆదివారాలు నడిపే తెలుగు తరగతిలో ఇద్దరు అమ్మాయిలు ఈమధ్య విమానంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. “అక్కా, నువ్వు అయిదేళ్ళు ఎగిరినావు కదా, మాకేటైనా సెప్పు లా,” అని పట్టుకున్నారు. మాట చివర ‘లా’ అనడం ఈ దేశపు అలవాటు. నలుగురి ముందు నిలబడితే నా గొంతు లోపలికి పోతుంది. రాసి ఇస్తానని తప్పించుకున్నాను. వాళ్ళకు కావలసింది ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, జుట్టు ముడి పద్నాలుగు గంటలు జారకుండా ఎలా ఉంటుంది, ఇలాంటివి. ముడికి పిన్నులు ఎక్కువ పెట్టుకోండమ్మా, అంతే. నా దగ్గర చెప్పవలసింది వేరే ఉంది. మీ తరగతిలో సగంమందికి తెలుగు చదవడం ఇంకా రాదు కాబట్టి మీ అమ్మలు చదివి వినిపిస్తారు. వాళ్ళూ విననీ.

ఇంత బిడియస్తురాలిని ఆ ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నారని చుట్టాలు చాలామంది అడిగారు. అక్కడ మాట్లాడవలసిన మాటలన్నీ ముందే రాసి ఇస్తారు. టీయా, కాఫీయా. సీటు నిటారుగా పెట్టండి. బెల్టు కట్టుకోండి. రాసి ఇచ్చిన మాటలు నేను చక్కగా చెప్పగలను, నవ్వుతూ కూడా చెప్పగలను. ఎవరూ రాసి ఇవ్వని మాట ఒకటి చెప్పవలసి వచ్చిన రోజు గురించే ఇది.

ఆ రోజు లండన్ విమానం. పొద్దున పదింటికి బయలుదేరితే పద్నాలుగు గంటల ప్రయాణం. మా భాగానికి పెద్ద ఒక మలయ్ ఆవిడ, ఇరవై ఏళ్ళుగా ఎగురుతున్న మనిషి. అందరం ఆవిడను ‘కక్’ అనేవాళ్ళం, అంటే అక్క. ఆవిడ నన్ను ‘ఆదిక్’ అని పిలిచేది, చెల్లీ అని. వెనక గ్యాలీలో, అంటే భోజనాలు వేడిచేసుకునే ఇరుకు గదిలో, నాకు జతగా ఒక తమిళ సహోద్యోగి ఉన్నాడు. పని లేనప్పుడు మూల స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటానని నాకు ‘టీచర్’ అని పేరు పెట్టాడు.

జనం ఎక్కుతుండగానే వాళ్ళు ముగ్గురూ గొడవపడుతూ వచ్చారు. ముగ్గురంటే, ఒక చంటిపిల్లల తల్లి, ఆవిడ తల్లి, ఎక్కడో ఇరుక్కున్న ఒక పిల్లల మడత బండి. పిల్లలు కవలలు. అయిదు నెలల ఆడపిల్లలు. ఇద్దరికీ ఒకే పసుపు గౌను, ఒకే పసుపు టోపీ, ఒకే ముఖం.

“రెండు రంగులు వేద్దామమ్మా అంటే విన్నావా లా? నాన్ సొన్నేన్ ఇల్ల?” అంది తల్లి. చెప్పానా లేదా అని తమిళంలో. ఆ ఇంట్లో తెలుగూ తమిళమూ కలిసిపోయాయని తెలుస్తూనే ఉంది.

“కవలలకి రెండు రంగులేటే? ఒకదానికి తక్కువ సేసినట్టు కాదేటి?” అంది ముసలావిడ. “నాను సుక్కలెట్టినాను కదా. ఎడం బుగ్గకి సుక్కుంటే సిన్నది. మందు దానిది. కుడి బుగ్గకుంటే పెద్దది. గుడ్డిదానికైనా తెలుస్తాది.”

నిజంగానే ఇద్దరి బుగ్గలమీదా కాటుక చుక్కలు ఉన్నాయి. దిష్టికి దిష్టీ, గుర్తుకి గుర్తూ. నాకు నవ్వొచ్చి, “చుక్కలు బావున్నాయి మామ్మా,” అన్నాను. ఆవిడ నోరు తెరిచింది.

“ఓలమ్మ! తెలుగోళ్ళ పిల్లవేటి? విమానంలో తెలుగు! మీదేవూరమ్మీ?”

“తాతది కౌలా సెలంగోర్ పక్క, మామ్మా. ఎస్టేట్‌లో గుమస్తా.”

“మరి సెప్పవేటి! మాదీ అటే. ఒసే, ఇంక నాకు దిగులు నేదే,” అని కూతురి వైపు తిరిగి చెప్పింది. ఆ క్షణం నుంచి నేను ఆవిడ మనిషినైపోయాను.

కవలల విషయంలో మాకు ఒక నియమం ఉంది. గాలి తగ్గితే పైనుంచి ఊడిపడే ఆక్సిజన్ మాస్కులు నడవకు ఒక పక్కనున్న సీట్లకన్నా ఒక్కటే ఎక్కువ ఉంటాయి. అందుకని నడవకు ఒక పక్కన ఒకే చంటిపిల్ల ఉండాలి. తల్లిని మధ్య సీట్లలో, ముసలావిడను నడవకు అవతల కిటికీ వైపున కూర్చోబెట్టాం. ఎదురు గోడకు తగిలించే తొట్టెలు రెండు బిగించాం. ఇద్దరికీ మధ్య నడవ మాత్రమే అడ్డం. ఆ పద్నాలుగు గంటలూ పిల్లలు ఆ నడవ దాటి ఇటూ అటూ మారుతూనే ఉన్నారు. ఏడుస్తున్నది తల్లి దగ్గరికి, నిద్రపోయింది అమ్మమ్మ దగ్గరికి. ఏ పాప ఎక్కడుందో సీటును బట్టి చెప్పడం మొదటి రెండు గంటల్లోనే కుదరకుండా పోయింది.

పైకి లేచేటప్పుడు చెవులు నొప్పి పుట్టకుండా ఇద్దరికీ ఒకేసారి పాలు పట్టించాం. ఆ తర్వాత ఒకరి ఆకలికీ ఇంకొకరి ఆకలికీ పొంతన లేదు. విమానంలో పాలు వేడిచేయడానికి పొయ్యి ఉండదు. గిన్నెలో వేడినీళ్ళు పోసి సీసా నిలబెట్టి, మణికట్టు మీద రెండు బొట్లు వేసుకుని చూడాలి. ఒకదాని పాలు వెచ్చబడేసరికి రెండోది లేచేది.

“టీచర్, మీ స్టూడెంట్స్ ఇద్దరూ బెల్లు కొట్టేశారు. క్లాసుకి వెళ్ళు లా,” అనేవాడు మా తమిళ సహోద్యోగి. తనే సీసాలు కడిగి, నీళ్ళు మార్చి పెట్టేవాడు కూడా.

చిన్న పాప సంగతి ముసలావిడ చెప్పింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదట. మూడో వారంలో మూర్ఛ వచ్చిందట. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ చుక్కల మందు వేస్తే రావడం లేదట. ఇప్పుడు ఒళ్ళుచేసి అక్కతో సమానమైపోయింది. ఎత్తుకున్న తల్లికి బరువులో తేడా తెలుస్తుంది, చూసేవాళ్ళకు తెలియదు. అల్లుడు లండన్‌లో పనిచేస్తున్నాడు. పురుడు ఇక్కడ పోసుకుని ఇప్పుడు వెళ్తున్నారు. కూతురు మళ్ళీ పనికి వెళ్ళేవరకు ఆరు నెలలు ఉండి పిల్లల్ని చూసుకోవడానికి ఈవిడ వెంట వస్తోంది.

“మందు యాళ తప్పితే దానికి ప్రాణం మీదికొస్తాదమ్మీ. అందుకే ఈ గడియారం మార్చనేదు. మన ఊరి టయిమే,” అని చెయ్యి చూపించింది.

నాలుగు గంటలు గడిచాయి. భోజనాలు అయ్యాయి. కిటికీలు మూయించి దీపాలు తగ్గించాం. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి. తల్లి చివరికి నిద్రపోయింది. తల పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, దెబ్బలు తిన్న మనిషిలా పడుకుంది. ముసలావిడ బాత్‌రూమ్‌కు వెళ్ళాలని తన దగ్గరున్న పాపను నాకు ఇచ్చింది. కుడి బుగ్గ పాప. పెద్దది.

దాన్ని ఎత్తుకుని గ్యాలీకి తీసుకెళ్ళాను. సీసాలో మిగిలిన పాలు పట్టాను. భుజాన వేసుకుని వీపు నిమిరితే, తాగిందంతా నా మీదా దాని ముఖం మీదా కక్కింది. తడి కాగితంతో తుడిచాను. తుడిచాక చూస్తే చుక్క లేదు.

మీరెవరైనా ఏం చేసేవారు? ముసలావిడ రాగానే “మామ్మా, చుక్క చెరిగిపోయింది,” అని చెప్పేవారు. ఎంతసేపు పడుతుంది ఆ మాటకు? నాకు చేతకాలేదు. నన్ను నమ్మి ఇచ్చింది, మొదటిసారి ఎత్తుకోగానే పాడుచేశానని సిగ్గేసింది. మా యూనిఫారం సంచిలో కళ్ళకు గీసుకునే పెన్సిల్ ఎప్పుడూ ఉంటుంది. అది తీశాను. ఏ బుగ్గ? కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. ముసలావిడ ఒళ్ళో అది నాకేసి చూస్తున్నప్పుడు చుక్క నా ఎడమచేతి వైపు కనిపించింది. ఎడమ. ఎడమ బుగ్గ మీద పెట్టాను. నాకెదురుగా ఉన్న పాపకు నా ఎడమచేతి వైపున ఉండేది దాని కుడి బుగ్గ అని ఆ నిమిషాన తట్టలేదు. చిన్నప్పటి నుంచి ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని.

చుక్క గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. ముసలావిడ పెట్టినదానికన్నా బావుందని కూడా అనుకున్నాను. పాపను తిరిగి ఇచ్చేశాను. ఆవిడ చూడలేదు. ఆ తర్వాత రెండుసార్లు పిల్లలు నడవ దాటి మారారు.

ఆరింటికి ముసలావిడ నన్ను పిలిచింది. “అమ్మీ, కూసింత ఎలుతురు పట్టు. మందు యాళయినాది.”

మా దగ్గర చిన్న టార్చీలు ఉంటాయి. తీసి పట్టాను. ఆవిడ ఒళ్ళో పాపను కొంచెం పైకి లేపి, ముఖం నా వెలుగులోకి తిప్పింది. “ఎడం బుగ్గ. ఇదే మన సిన్నది,” అని తనలో తాను అనుకుంది. గొట్టంలోకి మందు గీత వరకు లాగి, నాకు చూపించి, “సరిపోనాదా?” అని అడిగింది. “సరిపోయింది మామ్మా,” అన్నాను. పాప నోట్లోకి వదిలింది. పాప చప్పరించి మింగింది.

అప్పుడు నా టార్చీ వెలుగు చుక్క మీద పడింది. గుండ్రంగా ఉంది. అంచులు చెదరలేదు. ముసలావిడ కాటుక చుక్కలు వేలితో పెట్టినవి, ఒక పక్కకి సాగి ఉండేవి. ఇది నా చుక్క.

నడవ దాటి తల్లి ముందున్న తొట్టెలోకి చూశాను. ఆ పాపకూ ఎడమ బుగ్గమీదే చుక్క. అది సాగిన కాటుక చుక్క.

ఇక్కడ ఆగి చెప్పాలి. మా శిక్షణలో ఒక లావు పుస్తకం ఇస్తారు. అందులో పాలు ఎంత వెచ్చగా ఉండాలో ఉంటుంది. పొరపాటు జరిగితే వెంటనే పైవాళ్ళకు చెప్పాలని కూడా ఉంటుంది. పరీక్షలో మొదటిదే అడుగుతారు. నాకు నూటికి తొంభై ఆరు వచ్చాయి.

వెంటనే చెప్పి ఉంటే ఏమయ్యేది? చిన్నదానికి దాని మందు అది వేసేవాళ్ళు. పెద్దదాన్ని కనిపెట్టి ఉండేవాళ్ళు. కక్ నన్ను తిట్టేది. ఒక కాగితం మీద జరిగింది రాయమనేది. తల్లి నామీద అరిచేది. అంతే. అంత చిన్నది. కానీ గ్యాలీలో నిలబడి ఆ మాటను లోపల ఎన్నిసార్లు కూర్చినా నోటి దాకా రాలేదు. ముందు తెలుగులో అనుకున్నాను. తర్వాత ఇంగ్లీషులో. ‘కక్, నేనొక తప్పు చేశాను.’ రెండుసార్లు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మొదటిసారి ఆవిడ ఎవరికో దుప్పటి వెతుకుతోంది. రెండోసారి నావైపు తిరిగి, “ఆదిక్, బాగానే ఉన్నావా?” అని తనే అడిగింది.

“బాగానే ఉన్నాను కక్,” అన్నాను.

టీ ఇచ్చాక చెబుదామనుకున్నాను. టీ ఇచ్చాం. కప్పులు ఏరాక చెబుదామనుకున్నాను. కప్పులు ఏరాం. “ఏంటి టీచర్, ముఖం అలా పెట్టావ్? కథలో హీరో చచ్చిపోయాడా?” అన్నాడు మా తమిళ సహోద్యోగి. నవ్వాను.

ఇంకొకటి కూడా చేశాను. ఇది రాయడానికే ఇన్ని పేజీలు చుట్టు తిరిగి వచ్చాను. తడి కాగితం తీసుకుని ముసలావిడ సీటు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కునికిపాట్లు పడుతోంది. “ముఖానికి పాలు అంటాయి మామ్మా, తుడుస్తాను,” అన్నాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే తల ఊపింది. ఎడమ బుగ్గ చుక్క తుడిచాను. మా పెన్సిల్ చెమటకు కూడా చెరగనిది. గట్టిగా రుద్దవలసి వచ్చింది. బుగ్గ కందిపోయింది. అంత రుద్దినా పాప లేవలేదు, ముఖం కూడా చిట్లించలేదు. అప్పటికే మందు దానిమీద పనిచేస్తోందని నాకు తెలిసింది. తెలిసి, కుడి బుగ్గమీద చుక్క పెట్టి, గ్యాలీకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

ఏడున్నరకు తల్లి కేక వేసింది.

ఆవిడ చేతుల్లో పాప బిగుసుకుపోయింది. ఒక చెయ్యి ఆగి ఆగి కొట్టుకుంటోంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. కక్ ఆక్సిజన్ సీసా తెచ్చింది. మా తమిళ సహోద్యోగి మైకులో డాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ముందు వరుసల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, చొక్కా మీద శాలువా కప్పుకుని. పిల్లల డాక్టరు కాదు, కానీ చేతులు వణకలేదు. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో నాకు తెలియదు. కొట్టుకోవడం ఆగింది. పాప ఏడ్చింది. అంత మంచి శబ్దం నేను మళ్ళీ వినలేదు.

అప్పుడు ఆయన తల్లిని అడిగాడు. “మందు వేశారా?”

“ఇది చిన్నది, నాకు బరువు తెలుసు,” అంది తల్లి. “అమ్మా, దీనికి మందు వేసావా నువ్వు?”

“ఏసినాను. ఎడం బుగ్గ దానికే ఏసినాను,” అంది ముసలావిడ. తల్లి అది డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పింది.

డాక్టరు పాప బుగ్గ చూశాడు. ఎడమ బుగ్గ మీదే చుక్క ఉంది. అవతల తొట్టెలో ఉన్నదాన్ని చూశాడు. కుడి బుగ్గ. నేను మార్చిన చుక్క చెప్తున్నదాని ప్రకారం మందు సరైన పాపకే పడింది.

“వేసి ఉంటే ఇంకో మోతాదు వేయకూడదు,” అన్నాడాయన. “ఊపిరి మీదికి వస్తుంది. వెయ్యకపోయి ఉంటే ఇప్పుడు వెయ్యాలి, లేకపోతే మూర్ఛ మళ్ళీ వస్తుంది. నాకు ఖచ్చితంగా తెలియాలి. వేసినప్పుడు పాప ఎవరి ఒళ్ళో ఉంది?”

“నా ఒళ్ళోనే. ఆ తరవాత మార్చినామేటి? మార్చినామో నేదో... పొద్దుట్నించి మారస్తానే ఉన్నాము బాబూ,” అంది ముసలావిడ. ఆవిడ చేతులు రెండూ బోర్లా తిప్పి చూసుకుంటోంది. కెప్టెన్ దగ్గర నుంచి ఫోను వచ్చింది, దారిలో దింపాలా అని. కక్ ఫోను పట్టుకుని డాక్టరు ముఖం చూస్తోంది.

చెప్పవలసిన మాట నా దగ్గరుంది. అందరికీ అక్కడ కావలసింది ఆ ఒక్క మాటే. చెప్పాను.

“పెద్ద పాపకు పడింది. నేనే లైటు పట్టుకున్నాను. చూశాను.”

అందరూ నావైపు తిరిగారు. “నువ్వు చూశావా? ఖచ్చితంగా?” అన్నాడు డాక్టరు.

“చూశాను. కుడి బుగ్గమీద చుక్క ఉన్న పాపకు.”

నిజం సగం, అబద్ధం సగం. రెండూ ఒకే ఊపిరిలో ఎంత సులువుగా వచ్చాయో! ఎవరికి పడిందో చెప్పాను. ఎందుకు పడిందో చెప్పలేదు. కక్ నెమ్మదిగా అడిగింది, “అప్పుడే ఎందుకు చెప్పలేదు ఆదిక్?” అని. “ఏ పాపకు వెయ్యాలో నాకు తెలియదు కక్,” అన్నాను. బిడియస్తులకు అబద్ధం రాదంటారు. వస్తుంది.

డాక్టరు చిన్నదానికి మందు వేశాడు. పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకుని మిగతా దారంతా అరికాళ్ళు గిల్లుతూ, ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. విమానం ఆగకుండా వెళ్ళింది.

తల్లి ముసలావిడ వైపు తిరిగింది. తెలుగులో, అందులో తమిళం ఒక్క ముక్క కలవకుండా అంది. “పక్కన నిలబడి లైటు పట్టుకున్న పిల్లకు కుడి బుగ్గ కనిపించింది. నీకు కనిపించలేదు. రెండు రంగులు వద్దన్నావు. చుక్క చాలన్నావు. నువ్వే పెట్టిన చుక్క నీకు కనిపించలేదు.”

“నాకు ఎడం బుగ్గే కనిపించినాదే...”

“ఇంక నా పిల్లల్ని ముట్టుకోకమ్మా.”

ముసలావిడ అవతలి సీటులో ఖాళీ తొట్టె ముందు కూర్చుంది. నాలుగు గంటలు అలాగే కూర్చుంది. మధ్యలో నేను మంచినీళ్ళు తీసుకెళ్తే, కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుస్తోంది. పెట్టుకుని ఎదురుగా గోడ మీది అక్షరాలు చదవడానికి ప్రయత్నిస్తోంది. మళ్ళీ తీసి తుడుస్తోంది. ఒక కన్ను మూసుకుని చూసింది. రెండో కన్ను మూసుకుని చూసింది. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ నాలుగు గంటల్లో ఏ నిమిషమైనా నేను నోరు తెరవవచ్చు. పిల్లలకు ఇక ప్రమాదం లేదు. పోయేది నా ఉద్యోగం ఒక్కటే. దాన్ని ఎనిమిది నెలల తర్వాత నేనే వదిలేశాను.

పిల్లలిద్దరూ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిపోయారని వారం తర్వాత మా ఆఫీసులో చెప్పారు. మూర్ఛ, మందు పడకపోవడం వల్లే వచ్చిందా, ప్రయాణానికి ఎలాగూ వచ్చేదా చెప్పలేమని అక్కడి డాక్టరు రాశాడట. నాకు మెచ్చుకోలు ఉత్తరం ఒకటి ఇచ్చారు. ‘జాగ్రత్తగా గమనించి, సమయానికి చెప్పినందుకు’ అని ఉంది అందులో. కక్ దాన్ని అందరి ముందూ చదివి చప్పట్లు కొట్టించింది. నా భుజం మీద చెయ్యి వేసి, “మాట్లాడవు, కానీ మాట్లాడవలసినప్పుడు మాట్లాడావు,” అంది. ఆ ఉత్తరం అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. చుట్టాలు వస్తే చదివిస్తుంది. తీసేయమంటే ఎందుకని అడుగుతుంది.

మూడు వారాల తర్వాత మా తమిళ సహోద్యోగి లండన్ నుంచి తిరిగొచ్చి గ్యాలీలో సామాను సర్దుతూ అన్నాడు. “టీచర్, ఆ కవలల పాట్టి, అమ్మమ్మ, గుర్తుందా? ఇప్పుడు నా రిటర్న్‌లో వచ్చింది. ఒక్కతే. ఏమీ తినలేదు లా. పిల్లలు ఎలా ఉన్నారని అడిగితే, బాగున్నారు, దూరం నుంచి చూశాను అంది.” ఆరు నెలలు ఉందామని వెళ్ళిన మనిషి.

ఇప్పుడు నేను ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం. మాటలు తక్కువ. కౌలా సెలంగోర్ ఇక్కడి నుంచి బస్సులో ఎంతో దూరం కాదు. ఆవిడ వాళ్ళది ఏ వీధో కనుక్కోవడం మా తెలుగువాళ్ళలో ఒక్క పూట పని. రెండేళ్ళు గడిచాయి. ఒకసారి ఆ బస్సు ఎక్కాను కూడా. దారిలో దిగి ఇంకో బస్సులో వెనక్కి వచ్చేశాను. ఇది ఆ డైరీలో ఉంది, ఎందుకు వెళ్ళానన్నది మాత్రం రాయలేదు. సంఘం వాళ్ళు దీన్ని అచ్చు వేస్తే ఆవిడకు ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని ఒక ఆశ. వినిపిస్తారేమోనని భయం కూడా. రెండిట్లో ఏది ఎక్కువో అడగకండి. ఇలా కాగితం చాటున చెప్పడం చెప్పినట్టు కాదని నాకు తెలుసు.

చెల్లెళ్ళూ, మీకు సలహా ఏమీ లేదు. మీకూ ఏదో ఒక రోజు గంటన్నర దొరుకుతుంది. టీ ఇచ్చాక అనుకోకండి.

ఆ రోజు దిగాక తలుపు దగ్గర నిలబడ్డాను. అంబులెన్సువాళ్ళు ముందే ఎక్కి ఇద్దరు పాపలనూ తీసుకెళ్ళారు. తల్లి వాళ్ళ వెనకే, తిరిగి చూడకుండా పరుగెత్తినట్టు వెళ్ళిపోయింది. జనమంతా దిగాక చివర ముసలావిడ వచ్చింది, రెండు భుజాలకూ పాలసీసాల సంచులు తగిలించుకుని. దిగేవాళ్ళకు చెప్పవలసిన మాటలు మాకు రాసి ఇచ్చారు. అవి కూడా నాకు రాలేదు. ఆవిడే ఆగింది. సంచి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది.

“నువ్వు సూసి సెప్పినావు గనక మా సిన్నది దక్కినాది తల్లీ,” అంది. “సిన్నదానివి, నీ కళ్ళు మంచియి. నువ్వు కుడి బుగ్గన్నావంటే కుడి బుగ్గే అయ్యుంటాది.” సంచి మళ్ళీ భుజానికి ఎత్తుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, నన్నే అడుగుతున్నట్టు అంది.

“మరి నాకు ఎడం బుగ్గ మీద అంత బాగా ఎలగ అగుపించినాదమ్మీ?”